పేరు చెప్పకు, మూలలు చెప్పు

నిన్న పొద్దున ఆఫీసుకు బయలుదేరుతుంటే ఫోన్ వచ్చింది. "శ్రీశైలం అన్న ఇక లేడు" అన్నారు.

ఏ శ్రీశైలం అని అడిగాను. తెలిసే అడిగాను. ఇంకెవరైనా అయితే బాగుండని అడిగాను.

నిద్రలోనే గుండె ఆగిపోయిందట. ముప్పై ఎనిమిదేళ్లకే.

మీలో చాలామందికి ఆయన తెలియదు. అందుకే రాస్తున్నాను.

2011లో నేను నారాయణగూడలో డిగ్రీ సెకండియర్. అన్న మెదక్ వైపు నుంచి వచ్చి, అశోక్‌నగర్‌లో ఒక హాస్టల్లో ఉంటూ గవర్నమెంట్ పరీక్షలకు చదువుతున్నాడు. పుట్టినప్పటి నుంచీ చూపు లేదు. పుస్తకాలు చదివి వినిపించడానికి, పరీక్ష హాల్లో ప్రశ్న చదివి ఆయన చెప్పిన జవాబు గుర్తుపెట్టడానికి ఒక మనిషి కావాలి. స్క్రైబ్ అంటారు. ఎవరో నా పేరు చెప్పారు. నేను ఒప్పుకున్నాను.

నిజం చెప్పాలంటే, అప్పట్లో పెద్ద సేవ చేస్తున్నానని తెగ మురిసిపోయేదాన్ని.

ఆ మురిపెం వారం కూడా నిలవలేదు.

సాయంత్రాలు చిక్కడపల్లి లైబ్రరీ మెట్ల మీద కూర్చునేవాళ్లం. జీకే, హిస్టరీ బాగానే సాగేవి. రీజనింగ్‌లో బొమ్మలు రాగానే నేను "ఇది త్రిభుజం అన్నా, ఇది షడ్భుజి" అని చకచకా చెప్పేసేదాన్ని.

అన్న చెయ్యి అడ్డం పెట్టేవాడు.

"పేరు చెప్పకు చెల్లె. గీతలెన్ని, మూలలెన్ని, ఏ గీత ఏడ షురువై ఏడ ఆగిందో చెప్పు. పేరు నేను పెట్టుకుంట."

ఆయన జేబులో ఎప్పుడూ అగ్గిపుల్లలు ఉండేవి. నేను చెప్తుంటే వాటిని మెట్టు మీద పేర్చుకుని, వేళ్లతో ఒక్కో కొనా తడిమి చూసుకునేవాడు. రెండు కొనలు కలవకపోతే నేనేదో తప్పు చెప్పినట్టే. మళ్లీ మొదటి నుంచీ. నాకు ఒళ్లు మండేది. ఇంత చిన్న బొమ్మకు ఇంత రామాయణమా అనుకునేదాన్ని.

ఒకసారి సమోసా తెచ్చి, మూల కొరికేసి, ఆయన చేతిలో పెట్టి "ఇదేంది చెప్పు అన్నా" అన్నాను. గెలిచాననే అనుకున్నాను.

నింపాదిగా చుట్టూ తడిమాడు. "నాలుగు మూలలున్నయ్. కొత్త మూల నువ్వు కొరికింది. తిన్నోళ్లే పైసలియ్యాలె" అన్నాడు.

ఇక పరీక్ష రోజు.

కొన్ని పరీక్షల్లో చూపు లేనివాళ్లకు బొమ్మల ప్రశ్నలు తీసేస్తారు. మేం రాసిన దాంట్లో తీసెయ్యలేదు. టైమ్ దగ్గర పడింది. బొమ్మలో చతురస్రాలు ఎన్ని అని ప్రశ్న. నేను గబగబా చెప్పేశాను. "పెద్ద చతురస్రం, దాని లోపల డైమండ్, దాని లోపల చిన్న చతురస్రం."

"రెండు పెట్టు" అన్నాడు అన్న.

పెట్టాను.

పరీక్షయ్యాక నారాయణగూడలో చాయ్ తాగుదామని ఒక హోటల్లో కూర్చున్నాం. కింద నలుపు, తెలుపు పలకలు ఏటవాలుగా పరిచి ఉన్నాయి. నేను కూర్చున్న చోటి నుంచి ఒక్కో పలకా డైమండ్‌లా కనిపిస్తోంది. తల పక్కకు వంచి చూస్తే అన్నీ చతురస్రాలే.

పరీక్షలోని బొమ్మ గుర్తొచ్చింది. చెప్పకుండా ఉండిపోవచ్చు. ఆయనకు ఎప్పటికీ తెలియదు.

"అన్నా, లోపలిది డైమండ్ కాదు. అది గూడ చతురస్రమే. మూల మీద నిలబెట్టిన్రు. నేను మూలలు చూడలే."

అన్న బల్ల మీద వేలితో ఆ బొమ్మ గీసుకున్నాడు.

"అయితే మూడు" అన్నాడు. చాయ్ పూర్తిగా తాగి, "లే చెల్లె, బస్సు పోతది" అన్నాడు.

రిజల్ట్స్‌లో అన్న నంబర్ లేదు.

ఆ ఒక్క ప్రశ్న వల్లే పోయిందో, పది ప్రశ్నల వల్ల పోయిందో మాకెవరూ చెప్పలేదు. కానీ ఒక మనిషి రెండేళ్ల కష్టం నా చేతుల్లోనే పోయిందనిపించింది. ఫోన్ ఎత్తడం మానేశాను. లైబ్రరీ వైపు వెళ్లడం మానేశాను.

నెల తర్వాత కవాడిగూడలో మా ఇంటికి వచ్చాడు. ఒక్కడే, కర్ర పట్టుకుని, దారి అడుగుతూ. ఇంకో నోటిఫికేషన్ పడిందట, మళ్లీ నన్నే రమ్మన్నాడు.

వేరేవాళ్లను చూసుకోమని ఏడ్చాను.

"కొత్తోళ్లు ఏడ తప్పు చేస్తరో నాకు తెల్వది. నువ్వు ఏడ చేస్తవో ఎర్కనే. నువ్వే రా" అన్నాడు.

వెళ్లాను. ఆ హాల్లో ఒక్క బొమ్మకు కూడా పేరు పెట్టలేదు. ప్రతి గీతా ఎక్కడి నుంచి ఎక్కడికో చెప్పాను, ప్రతి మూలా చెప్పాను. ఇన్విజిలేటర్ విసుక్కున్నాడు, నేను ఆపలేదు. ఆ ఉద్యోగం అన్నకు వచ్చింది.

తర్వాత ఆయన ఆదివారాలు అశోక్‌నగర్‌లో కొత్త స్క్రైబ్‌లకు నేర్పిస్తున్నాడని విన్నాను. ఒక్కసారైనా వెళ్లలేదు. ఇది మాత్రం క్షమించరానిది, నా ఇంటి నుంచి ఎంత దూరమని?

నిన్న అడిక్‌మెట్‌లో అన్న ఇంటి ముందు ఒక డిగ్రీ అమ్మాయి వెక్కి వెక్కి ఏడుస్తోంది. ఆయన దగ్గర నేర్చుకున్న పిల్లేనట. పక్కన కూర్చున్నాను. తనే చెప్పింది.

"సార్ ఫస్ట్ పరీక్షల ఒక బొమ్మకు మూలలు అడగకనే జవాబు చెప్పిండంట అక్కా. నౌకరి చేజారిందంట. తప్పంత నాదే, మీరు గట్ల తొందరపడకుండ్రి అని ప్రతి బ్యాచ్‌కు చెప్తుండె."

నా పేరు లేదు. స్క్రైబ్ అన్న మాటే లేదు.

చెప్పాను ఆ పిల్లకు. తొందరపడింది ఆయన కాదమ్మా, ఆ రోజు పక్కన కూర్చున్నది నేనే, తప్పు నాదే అని.

నా వైపు అదోలా చూసింది. "లేదక్కా, సార్ అబద్ధం చెప్పడు" అంది.

ఆ ఒక్క అబద్ధం నా కోసమే చెప్పావా అన్నా?

హాయిగా పడుకో. నీ ప్రాణానికి ఇక ఏ తొందరా లేకుండా ఉండాలి.