మూకీకి మాటలిచ్చిన అంకుల్

మా ఇంటి ఓనర్ అంకుల్ పోయారు. కెనడాలో, బ్రాంప్టన్‌లో నేను ప్యాకింగ్ పని చేసే వేర్‌హౌస్‌లో లంచ్ బ్రేక్‌కి ఫోన్ తీస్తే ఆంటీ మెసేజ్ ఉంది: "మీ అంకుల్ ఇక లేరమ్మా. పని అయ్యాకే రా, షిఫ్ట్ పోగొట్టుకోకు." భర్త పోయిన పూట కూడా నా షిఫ్ట్ గురించి ఆలోచించే మనిషిని ఏమనాలి? పెరుగన్నం డబ్బాకి మళ్ళీ మూత పెట్టేసి, బయట ట్రక్కుల మధ్య నిలబడి ఏడ్చాను.

అంకుల్‌ది రాజమండ్రి. చదువు అవగానే ఒంటారియో ఉత్తరాన ఒక కాగితం మిల్లులో ఇంజనీరుగా చేరి, రిటైరయ్యాక బ్రాంప్టన్‌లో ఇల్లు కొనుక్కున్నారు. కాలేజీలు మా బోటి వాళ్ళని విమానాల నిండా దింపుకుంటున్న ఆ ఏళ్ళలో వాళ్ళ బేస్‌మెంట్‌లో నలుగురు అమ్మాయిలం అద్దెకి దిగాం. వీధిలో ఏ బేస్‌మెంట్ తలుపు తట్టినా మాలాంటివాళ్ళే. అందరం రెజ్యూమెలు పట్టుకుని అవే కాఫీ షాపుల ముందు లైన్లలో నిలబడి, ఖాళీల్లేవన్న అదే మాట విని తిరిగొచ్చేవాళ్ళం.

ఆదివారం మధ్యాహ్నం మాత్రం అందరూ మా బేస్‌మెంట్ హాల్లో చేరేవారు. అంకుల్ ప్రొజెక్టర్ పెట్టి గోడమీద సినిమా వేసేవారు. ఎప్పుడూ ఒకటే సినిమా. సినిమాలకింకా మాటలు రాని కాలంలో హాలీవుడ్‌వాళ్ళు తీసిన మూకీ. అడవిలో చెట్లు కొట్టే క్యాంపు, యజమాని కూతురు, ఆ పిల్లని ప్రేమించిన కొత్త కూలీ, ఇద్దరికీ అడ్డుపడే మేస్త్రీ. చివర్లో నదిలో దుంగలన్నీ ఒకదానిమీదొకటి ఎక్కి ఇరుక్కుపోతాయి, వాటి మధ్య హీరో చిక్కుకుంటాడు. ఇంతే కథ. మధ్యలో వచ్చే ఇంగ్లీషు అక్షరాల్ని అంకుల్ లెక్కచేసేవారు కాదు. గోడ పక్కన నిలబడి అందరి మాటలూ తనే తెలుగులో చెప్పేవారు. హీరోకి గోదావరి యాస, హీరోయిన్‌కి సన్నగొంతు. గుర్రానికి కూడా డైలాగులుండేవి.

మేస్త్రీ యాస దగ్గరే గొడవ. "ప్రతిసారీ విలన్ మా కరీంనగరోడేనా అంకుల్?" అని ఒకసారి కొట్లాటకి దిగాను. "సరేనమ్మా, వచ్చే వారం మా రాజమండ్రి వాడే దుర్మార్గుడు" అన్నారు. అన్నట్టే మరుసటి ఆదివారం మేస్త్రీ, "అయ్యా, తవరు కాస్త ఇటు తిరిగితే నరుకుతానండి" అని ఎంతో మర్యాదగా గొడ్డలెత్తాడు. మా నవ్వులకి పైన ఆంటీ కాలితో నేల తట్టారు. ఆవిడ సినిమాకి ఎన్నడూ కిందికి దిగేవారు కాదు. "పెళ్ళయిన నాటినుంచీ అదే సోది" అనేవారు.

ఆ సినిమానే ఎందుకని అడిగాను. "మిల్లులో చేరిన కొత్తల్లో, ఆ చలి ఊళ్ళో చర్చి హాల్లో ఈ బొమ్మ వేశారు. నాతో ఇంగ్లీషులో మాట్లాడనిది ఆ ఊరు మొత్తంలో ఇదొక్కటే. వెనక కూర్చుని నాలో నేనే తెలుగులో చెప్పుకున్నాను. అలా అలవాటైపోయింది" అన్నారు.

ఇక్కడే ఉండిపోనిచ్చే పీఆర్ రాకుండానే వర్క్ పర్మిట్ గడువు దగ్గరపడుతున్నకొద్దీ నాకు అన్నం సహించడం మానేసింది. అప్లై చేసిన చోటల్లా ఉలుకూ పలుకూ లేదు. ఇంటికి ఫోన్ చేసి బాగున్నానని చెప్పడం, పెట్టేశాక బాత్రూంలో ఏడవడం. ఒక ఆదివారం దుప్పటి ముసుగేసుకుని పడుకుంటే అంకుల్ వచ్చి తలుపు కొట్టారు. "ఈ బొమ్మలో ఒక్కడికీ పీఆర్ లేదమ్మా. అయినా పొద్దున్నే లేచి చెట్లు కొడుతున్నారు. లేచి రా, మేస్త్రీని తిట్టడానికి మనిషి తక్కువైంది." లేచి వెళ్ళాను. ఆ రోజు ఆయన పిలవకపోతే ఏమయ్యేదాన్నో నాకు నిజంగా తెలియదు.

ఆ చలికాలమే ఆయన గొంతు బొంగురుపోయింది. జలుబనుకున్నాం. క్యాన్సర్ అన్నారు. స్వరపేటిక మొత్తం తీసేస్తే బతికే ఆశ ఉంది, ఆలస్యం చేస్తే అదీ లేదని డాక్టర్ తేల్చేశారు. అంకుల్ ససేమిరా అన్నారు. "గొంతు తీయించుకుని బతికి ఏం చేస్తాను?" అని ఒకటే మాట. ఆంటీ మా మెట్లమీదకి వచ్చి కూలబడ్డారు. "నా మాట వినట్లేదమ్మా. మీకు కథ చెప్పడానికి గొంతు దాచుకుంటున్నారు ఈయన. మీరే చెప్పండి, మీ కాళ్ళు పట్టుకుంటా."

మాకు ఒక్కటే దారి కనపడింది. "ఆపరేషన్‌కి ఒప్పుకునేదాకా మేమెవరం సినిమాకి రాం అంకుల్" అని నేనే వెళ్ళి చెప్పాను.

"బ్లాక్‌మెయిలా?"

"అవునంకుల్."

"చూద్దాం, ఎన్నాళ్ళు ఆగుతారో" అని నవ్వారు.

ఆదివారం వచ్చింది. ఆయన మామూలుగానే ప్రొజెక్టర్ పెట్టారు, కుర్చీలు వేశారు. మిగతా పిల్లల్ని రావద్దని చెప్పి, మేం నలుగురం పక్క గదిలో తలుపేసుకుని కూర్చున్నాం. ఖాళీ కుర్చీలకి ఆయన కథంతా చెప్పారు. సన్నటి గోడ అవతలి నుంచి ఆ బొంగురు గొంతు మాట మాటా వినపడుతోంది. హీరోయిన్ మాటల దగ్గర దగ్గొచ్చి ఆగిపోయారు. మళ్ళీ మొదలెట్టారు. మాలో ఒకతి తట్టుకోలేక తలుపు తీయబోతే రెక్క పట్టుకుని లాగి కూర్చోబెట్టాను. దేవుడా, ఈయన్ని బతికించు, నా పర్మిట్ కూడా అడగను అని మొక్కుకున్నాను. మర్నాడు ఆయన ఆపరేషన్‌కి ఒప్పుకున్నారు.

గొంతు పోయింది. ప్రాణమూ నిలవలేదు. జబ్బు అప్పటికే ఊపిరితిత్తుల్లోకి పాకిందని తర్వాత తెలిసింది. ఉన్న ఆ కాస్త గొంతూ మేమే లాగేసుకున్నామా అని ఆంటీని పట్టుకుని అడిగాను. "మిమ్మల్ని పంపింది నేను కదమ్మా. ఆశ ఉందన్నాక ఎలా ఊరుకుంటాం?" అన్నారు. నాకు ఊరట కలగలేదు. కలిగిందని ఇక్కడ రాయను.

ఆపరేషన్ తర్వాత ఒకే ఒక్కసారి ఆయన సినిమా వేశారు. వీధిలో పిల్లలందరం వెళ్ళాం. గోడ పక్కన నిలబడే మనిషి మెడకి కట్టుతో వచ్చి మా మధ్య కూర్చున్నారు. మాకు ప్రతి మాటా నోటికి వచ్చు, కానీ ఆయన ముందు నోరు తెరిచే ధైర్యం ఎవరికీ లేకపోయింది. బొమ్మ మూగగానే నడిచింది. ఆ రోజు ఆంటీ కూడా దిగొచ్చి వెనక కుర్చీలో కూర్చున్నారు. చివర్లో దుంగల మధ్య హీరో కనపడకుండా పోయాడు. ఆ పిల్ల ఒడ్డున పరిగెడుతూ నోరంతా తెరిచి అతన్ని పిలుస్తోంది. చప్పుడు లేదు. ఏమనిపించిందో ఏమో, ఆంటీ వెనకనుంచి "ఏమండీ!" అని గట్టిగా కేకేశారు.

అంకుల్ గబుక్కున వెనక్కి తిరిగారు. అలవాటు కొద్దీ "ఆఁ, వస్తున్నా" అనడానికి నోరు తెరిచారు. ప్రొజెక్టర్ వెలుతురులో ఆయన పెదవులు కదలడం అందరం చూశాం. మాట రాలేదు. ఆంటీ మాత్రం విన్నట్టే, "సరే, రండి" అన్నారు.