అక్కనే అడగండి

ఆసుపత్రి నుంచి అక్క బందరు తిరిగొచ్చాక, మా ఇంటికి వచ్చినవాళ్ళంతా అమ్మని మూడే ప్రశ్నలు అడిగేవారు. తింటోందా? పడుకుంటోందా? అల్లరి చేస్తోందా? అక్క ఆ పక్కనే గోడకానుకుని కూర్చుని ఉండేది. నేను బడిలో తెలుగు చెప్పేదాన్ని. ఆడమనిషికీ గేదెకీ మన భాషలో క్రియ ఒకటేనని పిల్లలకి నేర్పినదాన్నే, అయినా ఆ ప్రశ్నలు వింటుంటే ఒళ్ళు మండేది. "అక్కనే అడగండి" అనేదాన్ని. వాళ్ళు నవ్వేసి, కాఫీ తాగి వెళ్ళిపోయేవారు.

అక్కకి గొంతులు వినిపించేవి. ఎవరూ లేనిచోట ఇద్దరో ముగ్గురో మగవాళ్ళు, తను చేసే ప్రతి పనికీ వంకలు పెట్టేవారు. మాత్రలు వేసుకుంటే గొంతు తగ్గించేవారు గాని వెళ్ళిపోయేవారు కాదు. అక్క వాళ్ళకి కూడా 'అండీ' అంటూనే జవాబు చెప్పేది. మా పెంపకం అలాంటిది మరి. తనని మాత్రం ఎవరూ నోరారా పలకరించేవారు కాదు.

అమ్మది భయం. పొయ్యి దగ్గరికి పోనిచ్చేది కాదు, బావి దగ్గరికి పోనిచ్చేది కాదు. జబ్బుకి ముందు అక్క కుట్టిన జాకెట్లంటే మా చర్చిలో ఆడవాళ్ళకి మహా మోజు. ఇప్పుడు ఆ కుట్టుమిషను మీద దుప్పట్లు పేర్చి, కత్తెర తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో దాచింది. నాన్న పోయాక మాకు పెద్దదిక్కు మావయ్య, అమ్మకి అన్నగారు. ఆయన అవనిగడ్డ నుంచి వచ్చి, "వానాకాలం వెళ్ళేదాకా చూద్దాం. అప్పటికీ ఇలాగే కూర్చుంటే మళ్ళీ ఆసుపత్రిలో చేర్పించేద్దాం. ఇహ అక్కడే ఉంటుంది" అన్నాడు. ఉండదు, నేను ఉండనివ్వను అనుకున్నాను.

మర్నాడే బియ్యం డబ్బాలోంచి కత్తెర తీసి అక్క చేతికిచ్చాను. అమ్మ ఏడ్చింది. నాకూ భయం వేసింది, అబద్ధమెందుకు. అక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "తుప్పు పట్టించారు" అని విసుక్కుంది.

మొదటి నెలలో ఒక్క జాకెట్టూ కుదరలేదు. కొన్ని రోజులు మంచం దిగనే లేదు. మాత్రల మత్తు, చేతుల వణుకు. నా పాత చీరలన్నీ ముక్కలయ్యాయి. నేనూ మొండిదాన్నే, రోజూ బడికి వెళ్ళే ముందు మిషను మీద ఒక గుడ్డ పరిచి మరీ వెళ్ళేదాన్ని.

ఒక సాయంత్రం, మా వీధిలోకి కొత్తగా అద్దెకొచ్చిన ఒకావిడ మిషను చప్పుడు విని జాకెట్టు గుడ్డతో వచ్చింది. మోపిదేవి వైపువాళ్ళు, మా సంగతులేవీ తెలియవు. అక్క గుడ్డ పరిచి, దాని మీద చంక గీత దగ్గర కత్తెర పెట్టి ఆగిపోయింది. మెడ పక్కకి వంచింది. గొంతులు మొదలయ్యాయని నాకు అర్థమైంది.

"కాస్త ఆగండి. తొందరపెడితే గుడ్డ పాడైపోద్ది" అంది, గోడకేసి చూస్తూ.

ఆవిడ ఆ మాట తననే అన్నారనుకుంది. "అయ్యో, నాకేం తొందర లేదండీ. మీరు నిదానంగానే కత్తిరించండి."

అక్క తలెత్తి ఆవిడని చూసింది. ఎవరైనా తనని 'మీరు' అని ఎన్నేళ్ళయిందో! నేను వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకున్నాను. జాకెట్టుకి ఒక చెయ్యి బిగుతుగా వచ్చింది. అక్క దాన్ని విప్పి మళ్ళీ కుట్టింది.

వానలు వెలిశాక మావయ్య అన్నట్టే వచ్చాడు. అక్క మిషను దగ్గర ఉంది. ఆయన అలవాటుగా అమ్మ వైపు తిరిగి, "ఎలా ఉంది?" అన్నాడు. నేను నోరు తెరవబోయాను. ఈలోగా అమ్మే అంది.

"దాన్నే అడుగన్నయ్యా."

మావయ్య గొంతు సవరించుకున్నాడు. "ఎలా ఉన్నావమ్మా?"

అక్క మిషను ఆపి గోడ వైపు తిరిగింది. "మీరు కాసేపు ఊరుకోండి. మావయ్య నన్ను అడుగుతున్నాడు" అంది. తర్వాత ఆయన వైపు తిరిగి, "బాగానే ఉన్నాను. ఇంకా మూడు జాకెట్లు కుట్టాలి, నేనెక్కడికీ రాలేను మావయ్యా" అంది.