దర్జీగారి బంతి

చెవి మీద సుద్దముక్క, మెడలో టేపు, పెదవుల మధ్య గుండుసూదులు, వాటి సందులోంచి "రేపు రండి" అనే మాట. ఈ నాలుగూ లేకుండా దర్జీని చూసినవాళ్లు లేరు. కొట్టు వెనక పెరట్లో పొద్దంతా ఎండే. అక్కడ ఎండిన బంతిపువ్వు విప్పి, విరిగిన సూదుల్లాంటి నల్లటి గింజల్ని జానెడు ఎడం కొలిచి మరీ నాటాడు. "బంతి ఎంత పెరిగినా నా నడుము దాటదురా పొట్టోడా!" అన్నాడు అక్క మొగుడు. ఆయన ఆరడుగుల మనిషి. ఆయన భుజాలు కొలవాలంటే దర్జీ స్టూలెక్కాలి. దర్జీ సూదులు నోట్లోనే ఉంచుకుని గింజల మీద మట్టి కప్పాడు. రోజూ పొద్దున్నే మొక్కకి టేపు పట్టి గోడ మీద సుద్దగీత గీసేవాడు. గాలికి వాలకుండా కర్రలు పాతి, గుడ్డపేలికలతో వదులుగా కట్టేవాడు.

మొన్న బావ కొత్త చొక్కా కోసం వస్తే, కొలతలకి తిన్నగా పెరట్లోకి తీసుకెళ్లి మొక్క పక్కన నిలబెట్టాడు. పిడికిలంత పసుపు పువ్వు బావ చొక్కా నాలుగో గుండీని తాకింది. ఆ గుండీ కుట్టింది దర్జీయే. "నాలుగడుగుల రెండంగుళాలు!" అని దర్జీ టేపు పట్టి వీధిలోకి వినబడేలా చదివాడు. బావ పువ్వు వంక చూశాడు, గుండీ వంక చూశాడు. పొట్టోడా అనలేదు. "నాక్కూడా నాలుగు గింజలివ్వవయ్యా," అన్నాడు మెల్లగా. దర్జీ సూదులన్నీ తీసి జేబుకి గుచ్చుకుని, నోరారా నవ్వాడు.

"దానికేం బావా! రేపు రా."