ఒళ్లో సంచులు

మొన్న సాయంత్రం బ్రూక్‌ఫీల్డ్‌లోని మా ఇంటి బాల్కనీలో మనవరాలు సోషియాలజీ పాఠం వల్లె వేస్తూ, ఒకరినొకరు ఎరిగి ‘మనం’ అనుకునేవాళ్లే సామాజిక సమూహమనీ, బస్టాపులో నిలబడ్డ జనం ఉత్త గుంపేననీ చదువుతుంటే నాకు నవ్వొచ్చింది. ఆ పుస్తకం రాసిన పెద్దమనిషి ఫ్యాక్టరీల పేటకు వెళ్లే మా పీణ్య బస్సు ఎన్నడూ ఎక్కి ఉండడు.

మన కాలంవాళ్లకు గుర్తుండే ఉంటుంది, సీటు దొరికినవాళ్లు నిలబడ్డవాళ్ల సంచులు అడక్కుండానే అందుకుని ఒళ్లో పెట్టుకునేవారు. చిత్తూరు నుంచి ఈ నగరానికి కాపురానికి వచ్చి, పీణ్యలో ఒక చిన్న ఫ్యాక్టరీ ఆఫీసులో తాత్కాలికంగా టైపు కొట్టే రోజుల్లో, నా సంచి ఎప్పుడూ కిటికీ పక్కన కూర్చునే ఒకావిడ ఒళ్లోకే చేరేది. ఆవిడ పేరు నేనడగలేదు, నా పేరు ఆవిడా అడగలేదు.

ఉద్యోగం ఖాయం చేస్తాం, అసలు సర్టిఫికెట్లు పట్టుకురమ్మన్న రోజున కూడా అలవాటుగా సంచి ఇచ్చేశాను. దారిలో దిగేవాళ్లకు చోటివ్వడానికి నేనూ కిందికి దిగితే, మళ్లీ ఎక్కేలోగా కండక్టర్ విజిల్ ఊదేశాడు, బస్సు వెళ్లిపోయింది. పాసు చేతిలో ఉండబట్టి సరిపోయింది గానీ, మా నాన్న ఊళ్లోవాళ్ల మాటలు పడుతూ నన్ను చదివించిన చదువంతా ఆ సంచిలోనే ఉంది. పేరైనా తెలియని మనిషిని ఏమని వెతకను? తర్వాతి బస్సులో దారి పొడుగునా ఏడుస్తూనే ఉన్నాను.

పీణ్యలో దిగేసరికి, నా సంచిని రెండు చేతులా పొట్టకు అదుముకుని, ఆవిడ స్టాపులో నిలబడి ఉంది. ఆవిడ పనిచేసే ఫ్యాక్టరీ షెడ్డు గేటు ఈపాటికి మూసేసి ఉంటారని, ఆ రోజు కూలి పోయినట్టేనని ఇద్దరికీ తెలుసు.

“ఏలమ్మా ఏడ్చేది? సంచి నా తావనే ఉండాది. నువ్వు దిగేది ఈడే అని నాకు తెలీదా?” అంది.

హమ్మయ్య అనుకుంటూ అక్కడే అరుగు మీద కూలబడ్డాను. ఆ మధ్యాహ్నమే ఉద్యోగం ఖాయమైంది గానీ, ఆ సంచి చేతికందినప్పటి ఊరట ముందు అది నాకు చిన్నదిగానే తోచింది.

ఇప్పుడు మెట్రోలో ఎవరి సంచి వాళ్లు గుండెల మీద తగిలించుకుని, ఎవరి ఫోను వాళ్లు చూసుకుంటూ నిలబడుతున్నారు. పోయిన వారం నాకు సీటు దొరికితే, ఎదుట బరువు మోస్తున్న ఒకమ్మాయి సంచి కోసం పాత అలవాటున చెయ్యి చాచాను. ముసలావిడకు భయమేస్తోంది కాబోలనుకుని, ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుంది, నేను దిగే స్టేషను వచ్చేదాకా వదల్లేదు.