రాముడు ఒడ్డున నిలబడ్డ శనివారాలు

మా తాతలు చెరకు కూలికి ఓడెక్కి వచ్చిన దీవిలో, రివియేర్ దు రాంపార్‌లో, మా ఊరి గుడికి మా నాయన భజన గురువు. ఎస్టేటులో చెరకు నరికి నరికి నడుం వంగిన మనిషి, శనివారం సాయంత్రం తాళాలు చేతికొస్తే నిటారుగా అయిపోయేవాడు. ఆయనకు తెలుగు చదవడం రాదు. పాటలన్నీ వాళ్ళ నాయన నోట విని నేర్చుకున్నవే. మా ఇంట్లో మాట్లాడేది ఈ దీవి భాష, క్రియోల్. పాటల్లో సగం మాటలకు మాకు అర్థం తెలియదు, అయినా ఒక్క అక్షరం జారితే మాత్రం పట్టేస్తాం.

నడుమ నిలువెత్తు దీపం, చుట్టూ మేం. గురువు ఒక పాదం పాడతాడు, మేం దాన్నే తిరిగి పాడతాం. ఆయన పై పాదం అందుకునేదాకా అదే పాడుతూ ఉండాలి. తాళాలు గట్టిగా కొట్టి ఆయన ఆపితేనే పాట ఆగినట్టు. ఇంకెవరికీ ఆపే హక్కు లేదు.

మరుపు ముందు ఇంట్లోకొచ్చింది. కొడవలి బియ్యం డబ్బాలో దొరికేది. ఒక పొద్దున అమ్మను చూసి, "ఎవులమ్మా నువ్వు?" అన్నాడు. "నీ వంటమనిషిని, కూకో, టీ తాగు," అని అమ్మ నవ్వేసి, పొయ్యి దగ్గరికెళ్ళి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఊరి డాక్టరు ముసలితనం అన్నాడు. ఆ ముక్క మాకూ తెలుసు.

తర్వాత అది గుడికి కూడా వచ్చింది. రాముడు ఏరు దాటే పాటలో, ఒడ్డున నిలబడి పడవవాణ్ణి పిలిచే పాదం దగ్గర నాయన ఆగిపోయాడు. పోర్ట్ లూయిస్ ఆఫీసులో గుమాస్తా పని చేసే మా అన్న పక్కనే కూర్చుని, పై పాదం ఆయన చెవిలో ఊదాడు. నాయన తాళాలు కింద పెట్టేశాడు. ఆ రాత్రి అన్నం ముట్టలేదు. మరుసటి శనివారం అరుగు మీంచి లేవలేదు. గుడి మానేశాక మనిషి వేగంగా తరిగిపోయాడు, అది మా కళ్ళ ముందే జరిగింది.

"తాళాలు ఇంకొకరికి ఇచ్చేద్దాం. నాయన ఫాటిగే, బాగా అలిసిపోనాడు, అందరూ నవ్వుతారు," అన్నాడు అన్న.

నాకు ఒళ్ళు మండింది. నా నోరు మంచిది కాదని ఊరంతా ఎరుగును. "నీ పరువు నాయన తాళాల మీద ఆనుకుని ఉందా? చెవిలో ఊదినోడివి నువ్వు, నవ్వినోళ్ళెవరూ లేరు," అన్నాను.

అమ్మ పెనం మీద రొట్టె తిరగేస్తూ, మా ఇద్దరి వైపూ చూడకుండా అంది: "మర్చిపోతే మళ్ళీ పాడండి. భజనంటే అదే కదా? రాముడికి పద్నాలుగేళ్ళ వనవాసముంది, తొందరేటి?"

ఆ మాటే పట్టుకుని నేను భజన వాళ్ళందరి ఇళ్ళకీ వెళ్ళి ఒప్పించాను. ఎవరూ అందించకూడదు. కాచుకోవాలి, అంతే. ఇక చెవిలో ఎవరూ ఊదరని అమ్మ చెబితే నాయన మళ్ళీ గుడికి బయల్దేరాడు.

శనివారం మధ్యాహ్నం అమ్మ ఆయన బట్టలు వేసుకునే వరుసలో మంచం మీద పరిచేది. బొత్తాలు ఆయనే పెట్టుకునేవాడు. వంకరగా పడితే వంకరగానే గుడికెళ్ళేవి. చెరకు తోటల మధ్య బాటలో ఒంటరిగా నడిచేవాడు. నేను గడ్డి మోపు వంకతో వెనక, చాలా దూరంలో. ఆయన తప్పు మలుపు తిరిగితే పిలవాలని నాలుక దురద పెట్టేది. గుడిలో మద్దెల పెందరాళే మొదలుపెట్టేవాళ్ళు. ఆ చప్పుడు విని ఆయనే ఆగి, తల తిప్పి, వెనక్కి వచ్చేవాడు.

ఒడ్డు దగ్గరికి రాగానే పాట నిలిచిపోయేది. మేం అదే పాదం పాడేవాళ్ళం. రాముడు అలా నిలబడే ఉండేవాడు. ఒక్కోసారి పసిపిల్లలు నిద్రపోయేవాళ్ళు. ఆ తర్వాత నాయన కళ్ళు మెరిసేవి, పై పాదం వచ్చేసేది, పడవ కదిలేది. ఆ క్షణంలో నాకు కలిగిన ఆనందం నా పెళ్ళినాడు కూడా కలగలేదంటే మా ఆయన ఇప్పటికీ మూతి ముడుస్తాడు.

దేశానికి కొత్త జెండా వచ్చిన ఏడాది, ఒక శనివారం, పై పాదం రాలేదు.

పాడాం. మళ్ళీ పాడాం. మద్దెల వాయించేవాడు చెయ్యి మార్చుకున్నాడు. దీపంలో నూనె రెండోసారి పోశారు. నాయన మా ముఖాలు ఒక్కొక్కటీ చూస్తున్నాడు, ఎవరివో తెలియనట్టు. గొంతులు సన్నబడ్డాయి. ఇక ఆగిపోతుందనుకున్నాను. నాకు భయమేసింది, ఎందుకంటే ఆపితే ఆయన్ని మేం ఆపినట్టే. అప్పుడు అన్న, ఆఫీసు చొక్కా చెమటతో తడిసిపోయి, అదే పాదం అందరికంటే గట్టిగా ఎత్తుకున్నాడు. మేమంతా అతని వెనకే అందుకున్నాం.

నాయన చూపు దీపం దాటి, గోడ వారన అమ్మ ఒళ్ళో ఆవలిస్తున్న నా చంటిదాని మీద ఆగింది. కాసేపు చూశాడు. తాళాలు రెండూ పైకెత్తి, గుడి అదిరేలా కొట్టి ఆపాడు.

"ఆసే. పిల్లలకి ఆకలేస్తాది. రాముడు రేపు దాటుతాడు, ఇళ్ళకి పదండి," అన్నాడు.

గురువు చాలన్నాడు కాబట్టి అందరం లేచాం.