ముందుగా సణిగేవాళ్ళు

మా కంపెనీలో అందరూ నన్ను వెనకాల గొణుగుడు బాబాయి అంటారని నాకు తెలుసు. ఎదురుగా మాత్రం స్టోర్స్ గారనో, బాబాయ్ గారనో అంటారు. మాది నీళ్ళ పంపులు తయారుచేసే కంపెనీ. బోల్టు కావాలన్నా బేరింగు కావాలన్నా నా గదిలోంచే బయటికి వెళ్ళాలి. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఈ ఆఫీసుకు వచ్చిన ఏ కొత్త వస్తువునూ నేను తిట్టకుండా లోపలికి రానివ్వలేదు. కొత్త కుర్చీలొస్తే నడుము పట్టేస్తోందన్నాను. కొత్త ఫ్యానొస్తే గాలికంటే చప్పుడెక్కువన్నాను. అలాంటి నేను ఒక మనిషిని మెచ్చుకుంటూ రాయడానికి కూర్చున్నానంటే, ఆ మనిషిలో ఏదో విషయం ఉందని మీరు ముందే ఒప్పుకోవాలి.

ఆవిడ మా ఆఫీసులో కంప్యూటర్ల సంగతి చూస్తుంది. మేమంతా పీటమ్మ అంటాం. ఎవరి దగ్గరికి వెళ్ళినా మడతపెట్టే చిన్న స్టూలొకటి చంకలో పెట్టుకుని వెళ్తుంది. స్టూలమ్మ అంటే వినడానికి బాగుండదని పీటమ్మ అన్నాం. కుర్చీ ఇస్తే వద్దంటుంది. కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చుంటే మనిషి మొహమే కనిపిస్తుందట, పని కనిపించదట. స్టూలు విప్పి మన మోచేతి పక్కనే కూర్చుని, "మీరేం చెప్పకండి. రోజూ చేసేదే చేసుకుంటూ పోండి, నేను చూస్తుంటాను" అంటుంది. మొదటిసారి అలా నా పక్కన కూర్చున్నప్పుడు, అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్న కొత్త కోడలిలా నా వేళ్ళు తడబడ్డాయి.

ఇక అరుగు సంగతి. మేమందరం కలిసి పనిచేసే సాఫ్ట్‌వేర్‌కి మేం పెట్టుకున్న పేరది. మాటలు, ఫైళ్ళు, మీటింగులు, సెలవు చీటీలు, పెద్దవాళ్ళ ఆమోదాలు అన్నీ అందులోనే. పొద్దున్నే అందరం వచ్చి దాని మీద చేరతాం కాబట్టి అరుగు. అది పాతబడిపోయింది. ఇకమీదట మరమ్మతులు చేయబోమని దాన్ని తయారుచేసినవాళ్ళు చెప్పేశారు. కొత్త అరుగు కొనక తప్పలేదు. కంపెనీ మొత్తాన్ని పాతదాని మీంచి కొత్తదాని మీదికి మార్చే పనిని పెద్దసారు, అంటే మా డైరెక్టరు, పీటమ్మకు అప్పగించారు.

ఎక్కడైనా ఇలాంటి పని కుర్రకారుతో మొదలుపెడతారు. వాళ్ళకి కొత్తదంటే సరదా, చప్పున నేర్చుకుంటారు, నాలుగు మంచి మాటలు చెబుతారు. పీటమ్మ ఆఫీసంతా గాలించి, ప్రతిదానికీ పేచీ పెట్టేవాళ్ళని ఏరి మొదటి జట్టు కట్టింది. అందులో మొదటి పేరు నాది. కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే అనుకున్నాను.

"ఏమ్మా, నామీద ఏమైనా కోపమా?" అని అడిగాను.

"కోపమేంటి బాబాయ్ గారూ, మీరే నాకు పెద్ద దిక్కు. మీరు తిట్టి తిట్టి అలిసిపోయాక మిగిలిందే మిగతావాళ్ళకి ఇస్తాను" అంది.

ఈ పద్ధతి ఆవిడకి పుస్తకాల్లోంచి రాలేదు. వాళ్ళమ్మ ఇంట్లోనే బట్టలు కుట్టేదట. కొత్త రకం జాకెట్టు కుట్టాలంటే, బట్టకు గుండుసూదులు గుచ్చి, వీధిలోకెల్లా మహా పేచీకోరు అయిన ఒకావిడను పిలిచి ముందు ఆవిడకే తొడిగి చూసేదట. చంక బిగుసుకుందని, భుజం జారుతోందని ఆవిడ అన్ని వంకలూ పెట్టాకే బట్ట మిషను ఎక్కేది. "మెచ్చుకునేవాళ్ళ వల్ల ఒక్క కుట్టూ సరిగ్గా పడదే" అని వాళ్ళమ్మ అనేదని పీటమ్మ చాలాసార్లు చెప్పింది. పక్కన కూర్చుని ఆ గుండుసూదులు అందిస్తూ పెరిగింది ఈవిడ. ఇప్పటికీ ఇంట్లో సామాను అటూ ఇటూ జరపాలన్నా భర్తను ముందు తిట్టమని అడుగుతుందట. ఆయన బడిలో లెక్కల మాస్టారు. "మా ఇంట్లో తిట్టడం కూడా నా డ్యూటీయే అండీ" అని ఆయన ఒకసారి నాతో మొరపెట్టుకున్నాడు.

సరే, మా సణుగుడు జట్టు పని మొదలుపెట్టింది. మనసారా తిట్టాం. ఫైలు ఎక్కడ దాస్తోందో తెలియడం లేదన్నాం. కబురొచ్చినప్పుడల్లా మోగే గంట చెవిలో దోమలా ఉందన్నాం. స్టోర్సులో సరుకు ఇచ్చేటప్పుడు రెండు సంతకాలు కావాలి, కొత్త అరుగులో ఒకటే పడుతోందని నేను గొంతు చించుకున్నాను. ఆవిడ ఒక్కసారి కూడా విసుక్కోలేదు. తిట్టినవాళ్ళ పక్కన స్టూలు వేసుకుని, "ఏదీ, ఇంకోసారి తిట్టండి, మెల్లిగా" అనేది. తిట్టినవన్నీ ఒక్కొక్కటిగా సరిచేయించింది. రెండో సంతకం వచ్చిన రోజు నాకేం తోచలేదు. తిట్టడానికి ఏమీ లేని మనిషి బతుకు ఎంత చప్పగా ఉంటుందో అప్పుడే తెలిసింది.

ఆ తర్వాత మిగతావాళ్ళను కూడా కొత్తదాని మీద కూర్చోబెట్టి, ఇబ్బందులేమైనా ఉంటే రాయమంది. అందరూ ఏదో ఒకటి రాశారు. ఒక్కావిడ మాత్రం "ఏ ఇబ్బందీ లేదు, అంతా బాగుంది" అని రాసింది. పంపును ఎలా బిగించాలో, ఎలా వాడాలో చెబుతూ దానితో పాటు పెట్టెలో వేసే చిన్న పుస్తకాలు రాసేది ఆవిడే. అందుకే పుస్తకాలావిడ అంటాం. ఇంటినుంచే పనిచేయడానికి ఆవిడకు కంపెనీ అనుమతి ఉంది.

"అమ్మయ్య, ఒక్కరైనా సుఖపడ్డారు" అన్నాను నేను.

పీటమ్మ మొహం ముడుచుకుంది. "తిట్టేవాళ్ళతో నాకు భయం లేదు బాబాయ్ గారూ. తిట్టనివాళ్ళంటేనే భయం."

"అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. ఆవిడ అడగలేదంటే అక్కర్లేదనే కదా?"

"అడగలేనివాళ్ళు కూడా ఉంటారుగా" అంది.

అదృష్టమో ఏమో, ఆ వారమే పుస్తకాలావిడకు కొత్త పంపొకటి పంపాల్సి వచ్చింది. ఆవిడ ప్రతి పంపునూ స్వయంగా విప్పి, బిగించి చూశాకే రాస్తుంది. నేను వ్యానులో పంపు ఎక్కిస్తుంటే, చంకలో స్టూలుతో పీటమ్మ వచ్చి ముందు సీట్లో ఎక్కి కూర్చుంది.

అది మేడ మీద ఒంటి గది ఇల్లు. పక్కన గూడంత వంటిల్లు. గదిలో కిటికీ పక్కన మంచం, మంచం మీద ఆవిడ అత్తగారు. ఒకప్పుడు బడికి హెడ్మాస్టరమ్మగా చేసిన మనిషి. నడుము పడిపోయినా గొంతు మాత్రం పడిపోలేదు. "ఎవరది, చెప్పులు బయట విప్పారా?" అన్నారు మమ్మల్ని చూడగానే. మంచానికి ఎదురుగా బల్ల, దాని మీద కంప్యూటరు. బల్ల దగ్గర ఎలా కూర్చున్నా వెనకాల మంచం కెమెరాలో కనిపించి తీరుతుంది.

పీటమ్మ స్టూలు విప్పి బల్ల పక్కన కూర్చుంది. "మీరేం చెప్పకండి, మీ పని చేసుకోండి" అంది. పుస్తకాలావిడ పని మొదలుపెట్టింది. కాసేపటికే లేచి అత్తగారిని ఒక పక్కకు తిప్పింది. మళ్ళీ వచ్చి కూర్చుంది. మళ్ళీ లేచి మంచినీళ్ళు తాగించింది. దుప్పటి సర్దింది. ఆవిడ లేచిన ప్రతిసారీ తెర మీద ఆవిడ పేరు పక్కనున్న పచ్చ దీపం ఎర్రబడి, "సీటులో లేరు" అని చూపించింది.

ఇది పెద్దసారు ముచ్చటపడి కొన్న సౌకర్యం. కొత్త అరుగులో పని వేళల్లో అందరి కెమెరాలూ వెలుగుతూ ఉండాలి. చిన్న చిన్న గళ్ళల్లో అందరికీ అందరి మొహాలూ కనపడుతుంటాయి. మొహం కనపడకపోతే దీపం ఎర్రబడుతుంది. హాజరు కూడా దాన్నిబట్టే. ఆయనలో దురుద్దేశమేమీ లేదు. దూరంగా ఉండి పనిచేసేవాళ్ళు ఒంటరివాళ్ళయిపోతున్నారని, మొహాలు చూసుకుంటే మనుషులు దగ్గరవుతారని ఆయన నమ్మకం.

"మరి ఇబ్బంది లేదని రాశారేంటండీ?" అని పీటమ్మ మెల్లిగా అడిగింది.

పుస్తకాలావిడ చీర కొంగు వేలికి చుట్టుకుంది. "ఇబ్బందుందని రాస్తే, అయితే ఆఫీసుకొచ్చి చేయమంటారు. వచ్చానంటే ఈవిడను చూసేదెవరు? నోరు మూసుకుంటే ఏదో ఒకలా గడిచిపోతుందనుకున్నాను" అంది.

మంచం మీంచి అత్తగారు అందుకున్నారు. "దానికి చెబుతూనే ఉన్నానమ్మా. ఈ దూలానికో దుప్పటి వేలాడదీసి నన్ను దాని వెనకాల పడేయవే అని. వింటేగా!"

"మీరేమన్నా దొంగసరుకా అత్తయ్యా, దాచడానికి?" అంది కోడలు. నేను పంపు బోల్టులు సరిచూస్తున్నట్టు తల దించుకున్నాను. నాకు ఏడుపొచ్చిందని ఒప్పుకోవడానికి సిగ్గేం లేదు.

తిరుగుదారిలో పీటమ్మ ఒక్కటే మాట అంది. "ఇది వాళ్ళింటి గుట్టు బాబాయ్ గారూ. ఆఫీసులో మన నోట రాకూడదు."

మర్నాడు ఆవిడ పెద్దసారు గదికి వెళ్ళింది, నన్ను వెంటబెట్టుకుని. కెమెరా, దీపాలు రెండూ తీసేయాలంది. ఎవరికి ఇబ్బంది అని ఆయన అడిగారు. చెప్పలేనంది. కారణం చెప్పకుండా ఎలా తీసేస్తామని ఆయన గొంతు పెంచారు. తేదీ కూడా ప్రకటించేశాననీ, ఆ మొహాల గళ్ళ కోసమే దీన్ని కొన్నాననీ అన్నారు. మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. పీటమ్మ నా వైపు ఒక్క చూపు చూసింది, అది వెనక్కి పోయింది.

"సరే సార్. నా మొదటి జట్టులో మీరు లేరు, అది నా తప్పే" అంది ఆవిడ. "ఒక్క రోజు మీ ఇంటినుంచి మీరే పనిచేసి చూడండి. కెమెరా ఆపకుండా. ఆ తర్వాత కూడా మీరు ఉంచమంటే ఉంచేస్తాను."

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఆయనకూ పౌరుషమొచ్చింది, సరేనన్నారు.

ఆ రోజు మా సణుగుడు జట్టంతా పని మానేసి మరీ తెర ముందు కూర్చుంది. పెద్దసారు తెల్ల చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని ఠీవిగా కనిపించారు. కాసేపటికి కళ్ళజోడు కోసం లేచారు. దీపం ఎర్రబడి, "పెద్దసారు సీటులో లేరు" అని కంపెనీ అంతటికీ చాటింది. ఆయన పరుగున వచ్చి కూర్చున్నారు. కాఫీ కోసం లేచారు, మళ్ళీ ఎర్ర దీపం. "సార్, ఎక్కడికెళ్ళారు?" అని నేను రాశాను. ఆ అవకాశం మళ్ళీ రాదుగా. ఇంతలో ఆయన వెనకాల తలుపు తెరుచుకుంది. తలకు తువ్వాలు చుట్టుకున్న ఆయన భార్య లోపలికి అడుగుపెట్టి, తెర మీద మా మొహాలన్నీ చూసి కెవ్వుమంది.

"ఏమండీ! ఇది ఇల్లా, మీ ఆఫీసా? వీళ్ళందరినీ నా పడకగదిలోకి రమ్మన్నదెవరు? ముందు ఆ కన్ను మూస్తారా, నన్ను మూయమంటారా?"

ఆ తర్వాత పెద్దసారు గడిలో చీకటి తప్ప మాకేమీ కనపడలేదు.

మర్నాడు ఆయనే మెట్లు దిగి పీటమ్మ గదికి వచ్చారు. నేనక్కడే ఉన్నాను, కాదనను, కావాలనే ఉన్నాను. "ఆ కళ్ళూ దీపాలూ తీయించెయ్యమ్మా. తేదీ వారం జరిగితే జరిగింది" అన్నారు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "నిజం చెప్పు, ఎవరి కోసం అడిగావు?" అన్నారు.

"అందరి కోసం సార్" అంది ఆవిడ. ఆయన ఇంక రెట్టించలేదు. పెద్దమనిషే.

ఈ గుట్టంతా నేనిప్పుడు రాస్తున్నానంటే పుస్తకాలావిడ స్వయంగా ఒప్పుకుంది కాబట్టే. వాళ్ళత్తగారయితే తన గురించి ఇంకో రెండు వాక్యాలు ఎక్కువ రాయమన్నారు. అక్షరదోషాలుంటే మాత్రం ఊరుకోనన్నారు.

కొత్త అరుగు వచ్చిన రోజు ఎవరికీ ఏమీ కాలేదు. నూతిలో నీళ్ళు తోడినంత మామూలుగా పనులు జరిగిపోయాయి. అసలు ఇంత హడావిడి ఎందుకు చేశారని కుర్రకారు నవ్వారు కూడా. అలా నవ్వగలిగారంటే అది ఎవరి చలవో వాళ్ళకేం తెలుసు!

అరుగు తెరవగానే అన్నిటికంటే పైన, ఫిర్యాదులు రాసుకోవడానికి పీటమ్మ వెడల్పాటి చోటు పెట్టించింది. అందులో మొదటి ఫిర్యాదు నాదే కావాలని పంతం పట్టి, పొద్దున్నే కాఫీ కూడా తాగకుండా వచ్చాను. తెరిచి చూస్తే, నాకంటే ముందే ఒకటి పడి ఉంది. కింద పుస్తకాలావిడ పేరు.

"అక్షరాలు చీమతలకాయంత ఉన్నాయి. ఎవరు పెట్టారో గానీ బొత్తిగా తెలివిలేని పని. మా అత్తగారు కూడా అదే అంటున్నారు. వెంటనే పెద్దవి చేయించండి."

నేను పీటమ్మను కేకేశాను. వచ్చి నా భుజం మీదుగా వంగి చదివింది. ఇంకోసారి చదివింది. స్టూలు విప్పడం కూడా మర్చిపోయి, అలా నిలబడే పమిట చెంగుతో కళ్ళు తుడుచుకుంది.

"చూశారా బాబాయ్ గారూ," అంది నవ్వుతూ, "తిట్టింది!"