బాతులు తిన్న గీత

మా ఫార్కాష్‌హాలోమ్ ఊరి ఫుట్‌బాల్ జట్టులో జుట్టు నెరిసేదాకా వెనక వరసలో ఆడాను. ఆడాను అనడం కన్నా నిలబడ్డాను అంటే సబబుగా ఉంటుంది. వయసులో ఉండగా జిల్లా కేంద్రం జట్టువాళ్లు ఒక సీజన్‌కి నన్ను తీసుకున్నారు. బెంచీ మీద కూర్చోవడంలో అక్కడ నన్ను మించినవాడు లేడు. చివరికొకనాడు మైదానంలోకి దించితే, వచ్చిన మొదటి బంతినే తలతో ఎంతో అందంగా మా గోల్లోకే కొట్టాను. మళ్లీ ఊళ్లో రొట్టెల బట్టీకి వచ్చిపడ్డాను. ఎవరికి తగిన చోటు వాళ్లకు దేవుడే చూపిస్తాడు.

మైదానంలో గీతలు గీసే పని కూడా నాదే. పరుగెత్తలేనివాడు ఆ మాత్రమైనా ఉపయోగపడాలని మా కోచ్ ఒట్టో మామ అప్పగించాడు.

ఆ ఏడు చివరి మ్యాచ్ క్రీస్తు శరీర పండుగ నాడు పడింది. సమం చేసుకుంటే చాలు, ఓడితే కింది లీగుకు దిగిపోతాం. నేనుండగా జట్టు దిగిపోకూడదని నా కోరిక. చెప్పుకోవడానికి నాకు ఇంకో ఘనత లేదు మరి.

పండుగ నాడు చర్చి నుంచి ఊరేగింపు వచ్చే దారంతా ఆడవాళ్లు పూలరేకులతో ముగ్గులు పరుస్తారు. ముందు సున్నంతో హద్దులు గీసుకోవాలి. పొద్దున్నే నా భార్య ఎతెల్కా వచ్చి, "నీ సున్నం కాస్త ఇవ్వు. దేవుడి దారి ముందా, మీ బంతాట ముందా?" అంది.

ఇచ్చాను. ఆ కాస్తా మొత్తమైంది. దారి కళకళలాడింది కానీ, మైదానంలో ఒకవైపు గోలు ముందుండే పెనాల్టీ పెట్టె గీయడానికి సున్నం మిగల్లేదు. బట్టీలో నేల ఊడ్చిన పిండి సంచెడు ఉంటే దానితో గీశాను. తెల్లగా, తిన్నగా వచ్చింది. నా తెలివికి నేనే మురిసిపోతూ ఊరేగింపుకు వెళ్లాను.

మైదానం పక్కన మేసే పెద్దబాతులు ఊరేగింపుకు రాలేదు.

మధ్యాహ్నం చూస్తే పెట్టె ముందు గీత మొత్తం మాయం. "ఏరా అంబ్రుష్, గీత గీశావా, బాతులకు వడ్డించావా?" అన్నాడు ఒట్టో మామ. రిఫరీ చూసి నిట్టూర్చి, "సరే, గుర్తుపెట్టుకుని ఆడండి," అన్నాడు.

రెండో సగంలో మేం కాపాడవలసింది ఆ వైపే. రెండు జట్లకీ చెరో గోలు. ఇక ముగుస్తుందనగా వాళ్ల ఫార్వర్డ్ నా మీదికి దూసుకొచ్చాడు. నేను కాలు పెట్టేసరికి బంతి వెళ్లిపోయింది, అతని కాలు దొరికింది. ఇద్దరం పడ్డాం.

మావాళ్లు పెట్టెకు బయట అన్నారు, వాళ్లు లోపలే, పెనాల్టీ ఇవ్వాలి అన్నారు. రిఫరీ గీత కోసం గడ్డిలో వెతికి, "గీసిందెవరు?" అన్నాడు.

"నేనేనండి."

"అయితే మీరే చెప్పండి."

"ఆలోచించి చెప్పరా అంబ్రుష్," అన్నాడు ఒట్టో మామ పక్క నుంచి దగ్గుతూ.

పొద్దున ఆ పూల మీద మోకరిల్లి వచ్చినవాణ్ని, ఏం చెప్పను? "లోపలేనండి," అన్నాను.

"ఎంత లోపల?"

"నాకు సిగ్గేసేంత."

నడుము పట్టేసి నేను లేవలేకపోతుంటే ఆ ఫార్వర్డే చెయ్యిచ్చి లేపాడు. తర్వాత పెనాల్టీ కూడా అతనే కొట్టాడు. ఓడిపోయాం.

మ్యాచ్ అయ్యాక ఎప్పటిలాగే మైదానం అంచున పెద్ద బానలో చేపల పులుసు ఉడికింది. నేను దూరంగా బల్ల చివర కూర్చున్నాను. ఎతెల్కా గిన్నె తెచ్చి నా ముందు పెట్టి, "సున్నం అడిగింది నేనేగా, సగం ఓటమి నా లెక్కలో వేసెయ్," అంది. అందులో మంచి ముక్కలే ఏరి వేసింది.

ఒట్టో మామ సోడా కలిపిన ద్రాక్షసారా గ్లాసులు రెండు పట్టుకుని వచ్చి పక్కన కూర్చున్నాడు.

"దిగిపోయాం," అన్నాడు.

"నా వల్లే మామా. ఇక మానేస్తాను."

"ఇప్పుడా మానేసేది? కింది లీగులో ఫార్వర్డులందరికీ పొట్టలేరా. ఒకడికైతే మనవలు కూడా ఉన్నారు. ఇన్నేళ్లకు నీకు తగ్గ లీగు దొరికింది. మంగళవారం ప్రాక్టీసుకు రా."

చూద్దాంలే అని బెట్టు చేశాను. మంగళవారం అందరికన్నా ముందే వెళ్లి గేటు దగ్గర నిలబడ్డాను.